మావయ్య కారులో పెట్రోలు, నా నెత్తిన పేడనీళ్లు

కొత్త అల్లుడు తన మర్యాదను ఎంత తొందరగా పోగొట్టుకోగలడో తెలుసుకోవాలని ఉందా? అయితే మీరు సరైన మనిషి దగ్గరికే వచ్చారు. నాకు ఒక్క పూట సరిపోయింది. పొద్దున్న పార్వతీపురంలో ఇడ్లీలు తింటున్నప్పుడు నేను ‘అల్లుడు గారు’ని. పొద్దుగూకే వేళకి ‘ఓరి గుంటడా’ని అయిపోయాను. ఈ రెంటికీ మధ్య ఒక తెల్ల కారు, కొన్ని సీసాల పెట్రోలు, రోడ్డుకి అడ్డంగా ఒక వెదురు గడ, చివర్లో పేడనీళ్లు ఉన్నాయి. పేడనీళ్ల దాకా కాస్త ఓపిక పట్టండి. తప్పకుండా తీసుకెళ్తాను.

అప్పటికి మా పెళ్లి ఆల్బమ్ ఇంకా ఫొటో స్టూడియో నుంచి రాలేదు. నేను అరకు దాటి బాగా లోపలికి వెళ్తే తగిలే ఒక కొండ ఊళ్లో బడిపంతులుని. మా ఆవిడ గౌరి పార్వతీపురంలో పుట్టింట్లోనే ఉండిపోయింది. తనకి నాతో వచ్చెయ్యాలని ఉంది. నాకు తీసుకెళ్లాలని ఉంది. మా ఇద్దరి మధ్యా మావయ్య ఉన్నారు. ఆయన బెల్లం వ్యాపారి, కానీ ఆ తీపి అంతా కొట్లోనే అమ్మేసి ఇంటికి వస్తారు.

“నా గుంటని ఆ అడివిలో ఎలగ ఒగ్గుతానండీ అల్లుడు గారూ? పామొస్తే ఏటి సేత్తారు? జొరమొస్తే ఏటి సేత్తారు?”

“నేనున్నాను కదా మావయ్యగారూ!”

“అదేనండీ నా బాధ కూడా.”

చివరికి ఆయనే ఒక తీర్పు ఇచ్చారు. స్వయంగా కొండెక్కి, నా ఊరూ నా ఇల్లూ చూసి, నేను భార్యని ఏలుకోగల సమర్థుణ్ని అవునో కాదో తేల్చుకుని, అప్పుడు పిల్లని పంపే సంగతి చెబుతారట. నాకు అర్థమైపోయింది, ఇది ప్రయాణం కాదు, పరీక్ష. పైగా ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆయనకి కళ్లు తిరుగుతాయట, అందుకని కారు నన్నే నడపమన్నారు. నా డ్రైవింగ్ లైసెన్సు అప్పటికి ఇంకా కొత్త నోటులా పెళపెళలాడుతోంది.

ఆ కారు గురించి ఒక మాట చెప్పాలి. కూతురు తర్వాత మావయ్యకి అంత ఇష్టమైన ప్రాణి అదే. ప్రతి శుక్రవారం దానికి తలంటు పోసి, చక్రాలకీ తలుపులకీ అద్దాలకీ, ఆఖరికి ఆయిలు మూతకి కూడా పసుపు రాసి కుంకం బొట్టు పెడతారు. కంపెనీవాళ్లు మూత లోపల అంటించిన ‘డీజిల్’ అనే ముక్క ఏళ్ల తరబడి ఆ పసుపు కుంకుమల కింద సమాధి అయిపోయింది. ఇది నా తరఫు వాదన.

గౌరి తరఫు వాదన వేరు. ఆ కారు స్టార్ట్ చేస్తే వీధి చివరివాళ్లు పిండిమర తెరిచారనుకుని గిన్నెలతో బయలుదేరతారనీ, చెవులున్న ఎవడికైనా అది డీజిల్ బండి అని తెలుస్తుందనీ అంటుంది. నిజమే. నాకూ తెలుసు. డీజిల్ ఎంత పొదుపో ముందురోజు రాత్రి మావయ్య గంటసేపు చెబితే తల కూడా ఊపాను. తల ఊపింది నేనే, మర్నాడు పెట్రోలు పోసిందీ నేనే. ఈ రెండు పనులకీ మధ్య నా బుర్ర ఎక్కడికి వెళ్లిందో ఇవాళ్టికీ దొరకలేదు.

ఘాట్ రోడ్డు బాగానే ఎక్కించాను. మావయ్య కళ్లు గట్టిగా మూసుకుని దేవుళ్ల పేర్లన్నీ చదువుతూ కూర్చున్నారు. నాన్న ఒప్పుకుంటే అక్కడే ఉండిపోదామని పెట్టె సర్దుకుని బయలుదేరిన గౌరి, వెనక సీట్లో కూర్చుని కాఫీ తోటలు చూసి మురిసిపోతోంది. అరకులో బంకు ముందు నుంచే వెళ్లాం. అక్కడ పర్యాటకుల కార్లు బారులు తీరి ఉన్నాయి. ఆయిలు ముల్లు కిందికి జారిన మాట నిజమే కానీ, ‘సరిపోతుందిలే’ అనుకున్నాను. సరిపోలేదు. అరకు దాటాక ఎర్ర దీపం వెలిగింది.

ఇప్పుడు నా పరిస్థితి ఆలోచించండి. ‘నా కూతుర్ని ఎక్కించుకుని కొండల్లోకి వచ్చేవాడు ఆయిలు చూసుకోవద్దా?’ అని మావయ్య ఒక్క మాట అంటే నా పరీక్ష అక్కడే తప్పుతుంది. అంచేత ఆయనకి తెలియకుండా పని కానివ్వాలి. అదృష్టం బాగుండి రోడ్డు పక్కన బొంగు చికెన్ కాలుస్తున్నారు. ఆయన ముక్కు పుటాలు ఎగరడం చూసి టక్కున కారు ఆపాను. తండ్రీ కూతుళ్లు అటు నడిచారు. నేను ఇటు పక్క కిరాణా కొట్టుకి పరిగెత్తాను.

మా వైపు బంకులు దూరం. అందుకని కొట్ల ముందు బల్ల మీద తాగేసిన మంచినీళ్ల సీసాల్లో పెట్రోలు నింపి పెడతారు. మా కొండల్లో ఎక్కువగా తిరిగేవి మోటారు సైకిళ్లే కనక ఆ సీసాల్లో ఉండేది పెట్రోలు ఒక్కటే. నా మోటారు సైకిలు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ సీసాపాలు తాగే పెరిగింది. చెయ్యి దానంతట అదే అటు పోయింది.

“ఎన్ని మాష్టరూ?” అంది కొట్టామె, జీడిపిక్కలు తూస్తూ.

“అయిదు.”

“అయిదే! ఒరిస్సా ఎల్లిపోతన్నావేటి?”

“అదంతా తరవాత చెబుతాను, బేగి ఇయ్యమ్మా!”

సీసాలు చంకలో పెట్టుకుని, కాగితం చుట్టి గరాటు చేసుకుని, కారు వెనక నక్కి, ఒక్క చుక్క నేల పడకుండా పోశాను. అంత నీటుగా నా జన్మలో ఇంకే పనీ చెయ్యలేదు. మూత బిగించి, చేతులు తుడుచుకుని, ఈల వేసుకుంటూ వెళ్లి మావయ్య పక్కన నిలబడి చికెన్ కూడా తిన్నాను.

కారు బయలుదేరింది. కాసేపు మామూలుగానే పోయింది. పైపుల్లో మిగిలిన డీజిల్ దాని వంతు న్యాయం అది చేసింది. ఆ తర్వాత ఎత్తు రోడ్డు మీద చిన్నగా ఒక దగ్గు వినిపించింది. తర్వాత ఇంకొంచెం పెద్ద దగ్గు. తర్వాత బానెట్ లోపల ఎవరో గుప్పెడు శనగలు వేయిస్తున్న చప్పుడు.

“ఏటండీ అల్లుడు గారూ, బండి దగ్గుతన్నాదీ?”

“ఎత్తుకి వచ్చాం కదా మావయ్యగారూ. ఇక్కడ గాలి పల్చన. ఇంజినుకి ఊపిరి ఆడదు.”

“మరా లారీ బాగానే ఎల్తన్నాదే?”

“దానికి ఈ ఊరు అలవాటండీ.”

“పొగేటి, అలగ తెల్లగా వత్తన్నాది?”

“పొగ కాదు, మంచు.”

ఏప్రిల్ నెలలో మిట్టమధ్యాహ్నం మంచు అని చెప్పాను. బడిలో సైన్సు చెప్పేది కూడా నేనే.

సరిగ్గా మా ఊరు కనబడే మలుపులో రోడ్డుకి అడ్డంగా వెదురు గడ ఉంది. గడ వెనక ఒకే రంగు చీరల్లో ఆడవాళ్లు చేతులు చేతులు పెనవేసుకుని ధింసా ఆడుతున్నారు. నేను బ్రేకు వేశాను. కారు ఒకసారి వణికి, దాని మానాన అదే ఆగిపోయింది.

“ఇదేటి, రోడ్డు మీద గడేటి? కొండల్లో కూడా టోల్ గేటేనా?” అన్నారు మావయ్య.

ఇటుకల పండగ మావయ్యగారూ అని వివరించాను. ఈ పండగ రోజుల్లో మగవాళ్లు వేట పేరుతో అడవికి వెళ్తారు, ఆడవాళ్లు ఊరి ముందు రోడ్డుకి గేటు వేసి, పాడి ఆడి, వచ్చీపోయే వాళ్ల దగ్గర పండగ చందా పుచ్చుకుంటారు. అడవిలో ఇప్పుడు దొరికేది పెద్దగా ఏమీ లేదు గానీ, వెళ్లడం మాత్రం మానరు. గేటు దగ్గర పెత్తనం మా బడిలో మధ్యాహ్నం భోజనం వండే బుద్రమ్మది. నన్ను చూడగానే ఆవిడ కేక పెట్టింది.

“మాష్టరొచ్చినాడు! కొత్త పెల్లాన్ని తెచ్చినాడు!”

మావయ్య మనసులో గొణుక్కుంటూనే చందా ఇచ్చారు. గడ పైకి లేచింది. ఆడవాళ్లు రెండు పక్కలా తప్పుకుని పాడుతూ దారి ఇచ్చారు. నేను దర్జాగా తాళం తిప్పాను. కిర్ర్‌ర్ అంది. మళ్లీ తిప్పాను. మళ్లీ అదే మాట. ఇంతలో వెనక నుంచి ఒక మోటారు సైకిలు వస్తే మాకోసం ఎత్తిన గడ దించి, వాళ్ల దగ్గర చందా తీసుకుని, మళ్లీ ఎత్తారు. వాళ్లు వెళ్లిపోయారు. తర్వాత ఒక జీపు, ఆ తర్వాత ఒక ఆటో వెళ్లిపోయాయి. గేటు దాటనిది మేము ఒక్కళ్లమే.

బుద్రమ్మ కిటికీలో తల పెట్టింది. “మాష్టరూ, మా పాట అంత నచ్చీసిందేటి? ఎల్లబుద్ది కాలేదా?”

నేను నవ్వేసి మళ్లీ తాళం తిప్పాను. అలా ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. బ్యాటరీ కూడా నీరసించి, చివరికి కిర్ర్ మనడం కూడా మానేసి టిక్కు టిక్కుమంటోంది.

“అల్లుడూ, ఏటయిందయ్యా?” అన్నారు మావయ్య. ‘గారు’ అక్కడ రాలిపోయింది. ఆ సంగతి ఆయన గమనించలేదు. నేను గమనించాను.

కిందికి దిగి బానెట్ ఎత్తి, లోపలికి చాలా గంభీరంగా చూశాను. నాకు అందులో గుర్తుపట్టగలిగింది వైపర్లకి నీళ్లు పోసే డబ్బా ఒక్కటే. గౌరి దిగి నా పక్కన నిలబడింది. ఒక్కసారి గాలి పీల్చింది.

“చేతులు ఇటివ్వండి.”

“ఎందుకూ?”

“ఇవ్వండి, చెబుతాను.” వాసన చూసింది. గొంతు తగ్గించింది. “ఇందాక కొట్టు దగ్గర ఏటి పోసారు?”

“ఆయిలు.”

“ఏ ఆయిలు?”

“సీసాల్లోది.”

“సీసాల్లో డీజిలు ఎప్పట్నించి అమ్ముతన్నారు?”

నేను ఎదురుగా ఉన్న కొండని చూశాను. చాలా అందమైన కొండ.

“ఓలమ్మో!” అని గౌరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముందు నవ్వింది, వెంటనే ఆ నవ్వు ఎగిరిపోయింది. “నాన్నకి తెలిస్తే నేనింక ఈ కొండెక్కినట్టే! పెట్టె కూడా దింపనివ్వరు, ఈ రోడ్డు మీద నించే వెనక్కి తీసుకుపోతారు. ఎవరికైనా బేగి ఫోన్ చెయ్యండి.”

తన కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా నాకు భయం మాత్రమే ఉంది, అది చూశాక సిగ్గు కూడా వచ్చింది. తను వంటసామానుతో సహా సర్దుకుని వచ్చింది. నేను దాని మీద పెట్రోలు పోశాను.

“ఏటే గుసగుసలు?” అన్నారు మావయ్య లోపల నుంచి.

అల్లుడి పరువు నిలబెట్టుకోవాలి కదా, అందరికీ వినబడేలా ప్రకటించాను. “మీరు కంగారు పడకండి మావయ్యగారూ! ఇప్పుడే వెళ్లి మెకానిక్‌ని పట్టుకొస్తాను. ఉత్త చేతులతో మాత్రం రాను!”

ఆ మాటకి ఆడవాళ్లు ఒకళ్ల మీద ఒకళ్లు పడి నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అప్పుడు తట్టలేదు.

మా ఊళ్లో ఫోను పలికేది మంచినీళ్ల ట్యాంకు ఉన్న మెట్ట మీద ఒక్కచోటే. రొప్పుతూ ఎక్కి, అరకులో తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేశాను.

“కారు డీజిలా, పెట్రోలా?” అన్నాడతను.

“కారు డీజిలు. పోసింది పెట్రోలు.”

అతను వెంటనే, “ఒరేయ్, పని ఆపి అందరూ ఇలా రండ్రా” అని పిలిచి స్పీకరు పెట్టాడు.

“చెప్పండి మాష్టారూ. తాళం తిప్పలేదు కదా?”

“తిప్పాను.”

“తిప్పినా, నడపలేదు కదా?”

“ఆగేదాకా నడిపాను.”

“ఆగాక?”

“ఆగాక కూడా తిప్పుతూనే ఉన్నాను.”

వెనక నుంచి ఎవరో ‘అబ్బా’ అన్నారు. ఇంజినుకి తగిలిన దెబ్బ తనకే తగిలినట్టు.

“మాష్టారూ, ఆయిలు తప్పు పోసినప్పుడు చెయ్యాల్సింది ఒక్కటేనండి, ఏమీ చెయ్యకుండా ఉండడం. తాళం జోలికి పోకూడదు. న్యూట్రల్లో పెట్టి పక్కకి తోసుకోవాలి, ట్యాంకు ఖాళీ చేయించాలి. డీజిలంటే మండడానికే కాదు, పంపుకి జిడ్డు కూడా అదే. పెట్రోలు ఆ జిడ్డంతా కడిగేస్తది. ఇంక ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. మీరు తిప్పినప్పుడల్లా పంపుని గంధం చెక్కలాగ అరగదీశారు.”

“నువ్వు ఇప్పుడు రాగలవా?”

“పండగ పూట మీ రోడ్డులోకా? ఊరికో గేటు, గేటుకో ఆట! మీ దగ్గరికి వచ్చేసరికి నాకు నడుం ఉండదు. రేపు పొద్దున్నే, గేట్లు వెయ్యకముందే వచ్చేస్తాను. మీరు మాత్రం దేన్నీ ముట్టుకోకండి. అసలు దేన్నీ.”

ఆఖరి మాట కారు గురించేనా అని అడగలేదు.

ఊళ్లోకి వెళ్తే తలుపులన్నీ గొళ్లెం పెట్టి ఉన్నాయి. కనీసం తాడుతో లాగడానికి ఏదైనా బండి దొరుకుతుందేమోనని తిరిగాను. మగవాళ్లు అడవిలో, ఆడవాళ్లు గేటు దగ్గర. అరుగు మీద కూర్చున్న ఒక ముసలమ్మ జాలిపడి రాగి అంబలి పోసింది. తాగేసి, రెండు చేతులూ ఊపుకుంటూ గేటు దగ్గరికి తిరిగొచ్చాను.

అక్కడ రంగం మారిపోయింది. అడవి నుంచి ముందుగా వచ్చిన మగవాళ్లు కొందరు రోడ్డు వారన నిలబడి ఉన్నారు. వాళ్ల జుట్టు నుంచి పచ్చటి నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి పాపం అన్నట్టు పక్కకి జరిగారు. ఆడవాళ్ల చేతుల్లో చెంబులు ఉన్నాయి. వేటకి వెళ్లినవాడు ఏమీ తేకుండా తిరిగొస్తే పేడనీళ్లతో స్వాగతం చెప్పడం ఆ పండగ ఆనవాయితీ అని, పంతులుగా ఇన్నాళ్లు పనిచేసిన నాకు తెలుసు. నాకు వర్తిస్తుందని మాత్రం తెలియదు.

“మాష్టరూ, ఏటి తెచ్చినావు?” అంది బుద్రమ్మ.

“మెకానిక్ రేపొస్తానన్నాడు.”

“రేపటి మాట రేపు. ఇప్పుడు ఏటి తెచ్చినావు?”

“ఏమీ తేలేదు. కానీ బుద్రమ్మా, నేను వేటకి వెళ్లలేదు! ఫోను చెయ్యడానికి వెళ్లాను!”

“పట్టుకొత్తానని ఎల్లినావు. పట్టుకురానేదు. ఉత్త సేతుల్తో రానన్నావు. వచ్చినావు.”

ఆ వాదనలో ఒక్క కన్నం కూడా లేదు. మొదటి చెంబు నెత్తి మీద పడింది. రెండోది వీపు మీద పడింది. కళ్లు తుడుచుకుని చూసేసరికి మావయ్య కారు దిగి నడుచుకుంటూ వస్తున్నారు. పక్కన గౌరి తల వంచుకుని ఉంది. నేను వెళ్లాక ఆయన డ్రైవరు సీట్లోకి జరిగి తాళం తిప్పబోయారట. తన కళ్ల ముందే ఇంకా చెడిపోతుందేమోనని భయపడి గౌరి ఆయన చెయ్యి పట్టుకుని నిజం చెప్పేసింది.

మావయ్య నా వంక చూడలేదు. తిన్నగా బుద్రమ్మ దగ్గరికి వెళ్లి, నాతో ఎన్నడూ మాట్లాడనంత మర్యాదగా అడిగారు.

“అమ్మా, ఇంకో సెంబుందేటి?”

“ఉంది బాబూ.”

“ఓపాలి ఇటియ్యి.”

“మావయ్యగారూ! నేను మీ అల్లుణ్ని!”

“అది గురుతుండబట్టేరా గుంటడా, ఒక్క సెంబుతో ఒగ్గేత్తన్నాను!”

పోశారు. తొణక్కుండా, ఒక్క చుక్క వృథా కాకుండా పోశారు. పోసి, నన్ను పైనుంచి కిందికి చూసి, ముందు మీసాల్లో, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. అది చూసి ఆడవాళ్లు ఆయన్ని ఆట వరసలోకి లాగేశారు. ఘాట్ రోడ్డులో కళ్లు తిరిగే మనిషి ధింసాలో గిరగిరా తిరుగుతుంటే గౌరి వీడియో తీసింది.

తర్వాత గౌరి పోగేసి తీసుకొస్తే, కారుని బడి దాకా తోసింది కూడా ఆ ఆడవాళ్లే. స్టీరింగు గౌరి పట్టింది. నేను వెనక నుంచి చెయ్యి వెయ్యబోతే, “మాష్టరూ, నువ్వు ముట్టీకు!” అని అందరూ ఒక్కసారే అరిచారు. ఆ ఊరేగింపు వెనక పేడ ఓడుతూ నడిచాను. దారి పక్కన మా బడిపిల్లలు వరసగా నిలబడి “నమస్తే సార్” అన్నారు. క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా అంత శ్రద్ధగా ఎప్పుడూ అనలేదు.

మర్నాడు పొద్దున్నే మెకానిక్ వచ్చి ట్యాంకు ఖాళీ చేశాడు, పైపులు కడిగాడు, ఫిల్టరు మార్చాడు. పంపు బతికిందని చెప్పాడు. మావయ్య మా ఇంటి అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నారు. నేను తీర్పు కోసం ఎదురుగా నిలబడ్డాను. లోపల గౌరి తన పెట్టె విప్పాలో కట్టాలో తెలియక గుమ్మంలో ఆగిపోయింది.

“ఓరి అల్లుడా,” అన్నారు మావయ్య. “ఈ కొండల్లో నా గుంటకి ఏటవుద్దోనని బెంగెట్టుకుని వచ్చినాను. నిన్న సూసినాను. బండి అది నడిపింది, ఊరోళ్లని అది పోగేసింది, నాకాడ దాపరికం నేకుండా అది సెప్పింది. దానికి ఏ లోటూ రాదు. ఆ బెంగ తీరిపోనాది.”

నేను ఒక అడుగు ముందుకి వేశాను. “అయితే పంపుతారా మావయ్యగారూ?”

“పంపక సత్తానా? నిన్నొక్కడ్నీ ఇక్కడ ఒగ్గేసి ఎల్తే నాకు నిద్దరట్టద్దేటి?”

గుమ్మంలో గౌరి పెట్టె విప్పిన చప్పుడు వినబడింది. భార్యని కాపాడగలడని కాదు, భార్య కాపలా లేకపోతే బతకడని తేల్చి పిల్లని పంపిన మామగారు మా జిల్లాలో ఆయన ఒక్కరే అయి ఉంటారు. నాకు సిగ్గూ వేసింది, సంతోషమూ వేసింది. నిజం చెప్పాలంటే సంతోషమే ఎక్కువ వేసింది.

ఈ మధ్య మావయ్య ఆ కారు అమ్మేసి కరెంటు కారు కొన్నారు. తాళం నా చేతిలో పెట్టి, “ఇందులో ఏటి పోత్తావో పొయ్యి, సూత్తాను” అన్నారు. అంచేత పాఠకులారా, కొండలూ కాఫీ చెట్లూ సాక్షిగా నేను ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నా బొందిలో ప్రాణం ఉండగా ఏ వాహనం మూతా తెరవను, ఏ గరాటూ పట్టను, ఛార్జింగు తీగ వంక కన్నెత్తి అయినా చూడను. బంకు రాగానే చేతులు రెండూ కట్టుకుని సీట్లో కూర్చుంటాను, గౌరి దిగుతుంది.